పిడికిలి సందులోంచి నల్లబల్ల

ఆరో తరగతిలో ఉండగా నేనొక విద్య కనిపెట్టాను. కుడిచేతి వేళ్ళను అరచేతిలోకి ముడిచి, చూపుడువేలి మడతకూ బొటనవేలికీ మధ్య సూదిబెజ్జం కన్నా కాస్త పెద్దదిగా ఒక సందు మిగిల్చి, దాన్ని కంటికి ఆనించుకుని రెండో కన్ను మూసుకుంటే, అప్పటిదాకా తడిగుడ్డతో తుడిచినట్లు పులుముకుపోయి ఉన్న నల్లబల్ల మీది గీతలు ఉన్నట్టుండి విడివిడి అక్షరాలయ్యేవి. చిక్కల్లా ఆ సందులోంచి ఒకసారికి ఒక మాటే కనిపించడం. ఒక మాట చూసి, చెయ్యి దించి, పుస్తకంలో రాసుకుని, మళ్ళీ చెయ్యెత్తి, ఎక్కడ ఆగానో వెతుక్కుని, తరువాతి మాట పట్టుకునేసరికి మాష్టారు డస్టరు అందుకునేవారు. అందువల్ల ఆ ఏడాది నా నోటుపుస్తకాల్లో వాక్యాలన్నీ కర్త, కర్మల దాకా వచ్చి క్రియ లేకుండానే ఆగిపోయి ఉండేవి.

పొడగరినన్న ఒక్క కారణంతో నన్ను చివరి బెంచీకి పంపారు. అక్కడి నుంచి చూస్తే మాష్టారు తెల్లచొక్కా తొడిగిన ఒక ఆకారం మాత్రమే. ఆయన ముఖంలో కళ్ళూ ముక్కూ ఉన్నాయని తెలుసు గానీ, ఆ కళ్ళు ఎప్పుడు నవ్వుతున్నాయో ఎప్పుడు ఉరుముతున్నాయో గొంతును బట్టి పోల్చుకోవలసిందే. పాఠమైతే గొంతును బట్టి నడిచిపోయేది. లెక్కలు అలా కుదరవు కనుక పక్కనున్న స్నేహితురాలి పుస్తకంలోంచి ఎక్కించుకునేదాన్ని. ఆమె 7 వేసిన చోట నేను 1 అనుకుని వేస్తే ఒక్కదాన్నే తిట్లు తినేదాన్ని. ఆమె తప్పు వేసిన చోట నేనూ అదే తప్పు వేస్తే ఇద్దరం కలిసి నిలబడేవాళ్ళం. పిడికిలి విద్య కూడా ఎక్కువ రోజులు సాగలేదు. లెక్కల మాష్టారు దాన్ని వెటకారం అనుకున్నారు. "దుర్భిణీ పెట్టుకుని నా మొహంలో ఏం వెతుకుతున్నావు?" అని బెంచీ ఎక్కించారు. బెంచీ ఎక్కితే బల్ల ఇంకాస్త బాగా కనిపిస్తుందేమోనని ఒక క్షణం ఆశపడ్డాను. కనిపించలేదు.

ఇంట్లో ఎందుకు చెప్పలేదని తరువాత చాలామంది అడిగారు. చెప్పడానికి నాకేం తెలుసని? అందరికీ బల్ల అలాగే కనిపిస్తుందనీ, మిగిలినవాళ్ళు తెలివైనవాళ్ళు కనుక ఆ మసకలోంచే అక్షరాలను పోల్చుకోగలుగుతున్నారనీ, నాకు ఆ తెలివి లేదనీ అనుకునేదాన్ని. పుట్టినప్పటి నుంచీ బాగా చూసి ఒక రోజున చూపు తగ్గినవాడికి తేడా తెలుస్తుంది. నెలనెలా రవ్వంత చొప్పున మసకబారుతూ వచ్చిన పిల్లకు పోల్చి చూసుకోవడానికి ఏముంటుంది?

ఆ సంవత్సరమే ఒక రోజున కళ్ళు పరీక్షించే ఆయన మా బడికి వచ్చారు. వరండా చివర గోడకు అక్షరాల అట్ట తగిలించి, అక్కడి నుంచి 6 మీటర్లు టేపుతో కొలిచి, నేల మీద సుద్దముక్కతో గీత గీశారు. నెదర్లాండ్స్‌కు చెందిన హెర్మన్ స్నెల్లెన్ అనే కంటి వైద్యుడు 1862లో రూపొందించిన అట్టకు అది ఒక సంతతి అని నాకు చాలా ఏళ్ళ తరువాత గానీ తెలియలేదు. ఆ రోజున తెలిసిందల్లా ఒక్కటే: నా ముందున్న పిల్లలు కింది వరసల్లో చదువుతున్నవి నాకు వరసలుగా కూడా కనిపించడం లేదు. అట్ట పైభాగంలో ఉన్న ఒకే ఒక్క పెద్ద అక్షరం మాత్రం కనిపించింది. దాన్ని 6/60 అంటారు. మంచి చూపున్న కన్ను 60 మీటర్ల నుంచి చదవగలిగిన దాన్ని నేను 6 మీటర్ల దగ్గరికి వస్తే తప్ప చదవలేనన్న మాట. నా ముందున్న పిల్ల అరిచి చెప్పిన అక్షరాలను బట్టీ పట్టి ఉన్నాను కనుక వాటిని గడగడా అప్పజెప్పేశాను. ఆయన నవ్వి, చార్టు మార్చారు.

ఆ తరువాత ఆయన సంచిలోంచి ఒక నల్లటి బిళ్ళ తీశారు. చిన్న గరిటె ఆకారంలో పిడి ఉంది, మధ్యలో సూదితో పొడిచినంత రంధ్రం ఉంది. దాన్ని నా కంటి ముందు పట్టుకుని "ఇప్పుడు చదువమ్మా" అన్నారు. నేను చదవలేదు, నవ్వాను. బిళ్ళ పక్కకు నెట్టి, నా పిడికిలి ముడిచి కంటికి పెట్టుకుని, కింది నుంచి మూడో వరస చదివి వినిపించాను. ఆయన కాసేపు నా చేతి వైపే చూశారు. "ఎవరు నేర్పారు?" అని అడిగారు. ఎవరూ నేర్పలేదన్నాను. తరగతిలో బెంచీ ఎక్కించిన సంగతి కూడా చెప్పాను. ఆయన దానికేమీ అనలేదు. తన పుస్తకంలో నా పేరు పక్కన పొడుగ్గా ఏదో రాసుకున్నారు.

ఆ రంధ్రం వెనుక ఉన్న సూత్రం తేలికైనదే. హ్రస్వదృష్టి, అంటే దూరపు చూపు మసకబారే లోపం, ఉన్న కంటిలో గుడ్డు కాస్త పొడవుగా ఉంటుంది కనుక దూరం నుంచి వచ్చే కిరణాలు కంటి వెనుక తెర అయిన రెటీనాకు ముందే కలుసుకుని, దాన్ని చేరేసరికి మళ్ళీ విడిపోయి మచ్చలా పరుచుకుంటాయి. సన్నటి రంధ్రం అడ్డుపెడితే అంచుల నుంచి వచ్చే కిరణాలు ఆగిపోయి మధ్యవి మాత్రమే లోపలికి పోతాయి. మచ్చ చిన్నదవుతుంది, అక్షరం తేరుకుంటుంది. కళ్ళు చికిలించి చూసే పిల్లలు చేసేది కూడా ఇదే. పరీక్షకుడికి మాత్రం ఆ బిళ్ళ ఇంకొక కబురు చెబుతుంది. రంధ్రంలోంచి చూపు మెరుగుపడితే ఆ లోపం సాధారణంగా అద్దాలతో సరిపోయేదే. మెరుగుపడకపోతే శుక్లమో, రెటీనా జబ్బో, మరొకటో ఉండవచ్చు కనుక వెంటనే వైద్యుడి దగ్గరికి పంపాలి. నా విషయంలో రెండు కళ్ళకూ మైనస్ 3.5 తేలింది. ఈ పవర్‌ను డయోప్టర్లలో కొలుస్తారు. మీటరును ఆ అంకెతో భాగిస్తే కన్ను స్పష్టంగా చూడగలిగే దూరం వస్తుంది, 1 మీటరును 3.5తో భాగిస్తే దాదాపు 29 సెంటీమీటర్లు. అంటే నా ప్రపంచం మోచెయ్యంత దూరం కూడా రాకుండానే స్పష్టత కోల్పోతోందన్న మాట. పుస్తకం చక్కగా చదువుతాను కనుక నా కళ్ళు భేషుగ్గా ఉన్నాయని ఇంట్లో అందరూ నమ్మడానికి కారణం అదే.

మొదటిసారి అద్దాలు పెట్టుకున్నప్పుడు లోకం అందంగా కనిపించిందని చాలామంది రాస్తూ ఉంటారు. నాకు భయం వేసింది. నేల నా వైపు ఎత్తుగా లేచినట్లుంది, గడప వంకర తిరిగింది, నా పాదాలు ఎవరివో చిన్నపిల్లవి అయినట్లు దూరంగా కనిపించాయి. మైనస్ కటకం వస్తువులను కాస్త చిన్నవి చేసి చూపిస్తుందనీ, కటకం అంచుల్లోంచి చూస్తే సరళరేఖలు వంగుతాయనీ, మెదడు కొద్ది రోజుల్లో దీనికి అలవాటు పడుతుందనీ ఒక్కరు ముందే చెప్పి ఉంటే బాగుండేది. మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకున్నాను. నాయనమ్మ అది చూసి, "ఉన్న చూపు కూడా పోగొట్టేలా ఉన్నారు" అని గొడవపెట్టింది. ఈ వయసులో అద్దాలు అలవాటు చేస్తే సైటు ఇంకా పెరుగుతుందనీ, ఆడపిల్ల మొహానికి ఇవేమిటనీ ఆవిడ బాధ. అమ్మ మాత్రం నేను వేసుకుని తీరాలని పట్టుబట్టింది.

అందుకని ఇద్దరికీ సరిపడే ఏర్పాటు చేసుకున్నాను. ఇంట్లో, అంటే అవసరం లేని చోట, అమ్మ కోసం వేసుకునేదాన్ని. బడిలో, అంటే అవసరమున్న చోట, తీసి సంచిలో దాచేదాన్ని. బడిలో నన్ను 'సోడాబుడ్డి' అనేవాళ్ళు. నిజానికి సోడాబుడ్డి అడుగులా ఉండేవి నా అద్దాల కన్నా చాలా ఎక్కువ పవరున్నవి. కానీ ఎగతాళికి కొలతలతో పని లేదు. రెండు నెలలు అలా గడిచాయి. ఒక రోజున లెక్కల మాష్టారు నా సంచి బయటికి పొడుచుకొచ్చిన పెట్టెను చూశారు. ఆయనే తీసి, అద్దాల మీద దుమ్మును ఊది, తన చేతిరుమాలు కొసతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసి, నా చేతికిచ్చారు. "ఈ రోజు నుంచి బోర్డు మీది లెక్క చివరి బెంచీ నుంచి నువ్వు చదవాలి. మిగతావాళ్ళు రాసుకుంటారు" అన్నారు. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు, బెంచీ ఎక్కించిన సంగతి ఎత్తలేదు. ఆ రోజున మొదటిసారి ఆయన ముఖం చూశాను. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉంది. అంత దగ్గరి మనిషి ముఖం అంత ఆలస్యంగా చూశానేమిటా అనిపించింది. లెక్క చదివే పని పడ్డాక అద్దాలు తీయడానికి వీలు లేకపోయింది, పైగా తీయబుద్ధి కూడా కాలేదు.

తరువాత నేను కూడా ఆ రోజు మా బడికి వచ్చినాయనలాగే కళ్ళు పరీక్షించే వృత్తిలోకి వచ్చాను. పాతికేళ్ళకు పైగా బడుల చుట్టూ తిరిగి పిల్లల కళ్ళు పరీక్షించాను. నేర్చుకున్న వాటన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది, పిల్ల ఏమీ చెప్పకపోయినా పవర్ తేల్చే రెటినోస్కోపు. చీకటి గదిలో చెయ్యి చాచినంత దూరంలో కూర్చుని, ఆ పరికరంలోంచి సన్నటి వెలుగు చారను పిల్ల కంటిపాప మీదుగా అటూ ఇటూ నడిపిస్తే, లోపలి నుంచి నారింజరంగు మెరుపు తిరిగి వస్తుంది. మెరుపు మనం నడిపిన వైపే నడిస్తే ఒక రకం, ఎదురు నడిస్తే ఇంకొక రకం. కటకాలు ఒక్కొక్కటే మారుస్తూ పోతే ఒక దగ్గర ఆ మెరుపు కదలడం మానేసి కంటిపాప నిండా ఒక్కసారిగా వెలుగుతుంది. అక్కడ ఆగాలి. చదవడం రాని పిల్లయినా, మాట్లాడటానికి సిగ్గుపడే పిల్లయినా, అక్షరాలు బట్టీ పట్టిన నాలాంటి పిల్లయినా సరే, ఆ వెలుగు బట్టీ పట్టి ఏమీ చెప్పదు.

అయితే ఆ వెలుగును కూడా తొందరలో తప్పుగా చదవవచ్చు. ఆ తప్పు నేను చేశాను.

ఒక బడిలో ఒకే రోజున చాలామందిని చూడవలసి వచ్చింది. పదేళ్ళ అబ్బాయి ఒకడు వచ్చాడు. పిల్లల కంటిలోపలి కటకం మెత్తగా ఉంటుంది, దాన్ని బిగించే కండరం బలంగా ఉంటుంది. ఎదురుగా ఏదో దగ్గరి వస్తువు మీద చూపు నిలిపినప్పుడు ఆ కండరం బిగుసుకుని, లేని హ్రస్వదృష్టిని ఉన్నట్లుగా, ఉన్నదాన్ని రెట్టింపుగా చూపిస్తుంది. అందుకనే పిల్లల విషయంలో సైక్లోపెంటొలేట్ వంటి చుక్కల మందు వేయించి, అరగంట నుంచి ముప్పావుగంట దాకా ఆగి, ఆ కండరం విశ్రాంతిలోకి వెళ్ళాక పరీక్షించాలి. మందు వేస్తే ఆ పూటంతా పుస్తకం మసకగా కనిపిస్తుంది, ఎండలోకి వెళ్తే కళ్ళు చెదురుతాయి, మర్నాటికి సర్దుకుంటుంది. మర్నాడు పరీక్షలున్నాయి, మందు వద్దని బడివాళ్ళు అన్నారు. వరస పొడుగ్గా ఉంది. నేనూ సరేనన్నాను. మందు లేకుండానే చూసి, మైనస్ 2 రాసిచ్చాను. పంపిణీ రోజున వాడు అందరితోపాటు కళ్ళజోడు పెట్టుకుని ఫోటోలో నిలబడ్డాడు.

ఆరు నెలల తరువాత చెప్పాపెట్టకుండా ఆ బడికి వెళ్ళాను. వాడి ముఖం మీద అద్దాలు లేవు. అడిగితే జామెట్రీ బాక్సు తెరిచి చూపించాడు. కాగితంలో చుట్టి, కోణమానిని కింద భద్రంగా పడుకోబెట్టి ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. ఎంత శ్రమ పడి తెచ్చామో, ఎంతమందికి అందక ఎదురుచూస్తున్నారో అంటూ తరగతి మొత్తం వినేలా చెప్పాను. వాడు తల దించుకుని, "పెట్టుకుంటే తలనొప్పి వస్తోందండీ. అక్షరాలు చిన్నవైపోయి గుచ్చుకుంటున్నాయండీ" అన్నాడు. సాకులు చెబుతున్నాడనుకున్నాను. ఎగతాళికి జడిసి తీసేసే పిల్లలను అప్పటికే చాలామందిని చూసి ఉన్నాను, నేనే అలాంటి పిల్లను గనుక నాకు అంతా తెలుసుననే ధీమా కూడా ఉంది. అయినా ఎందుకో మళ్ళీ చూద్దామనిపించి, ఈసారి మందు వేయించి పరీక్షించాను. మైనస్ 2 రాసిన చోట వాడికి కావలసింది ముప్పావు మాత్రమే. ఆరు నెలల పాటు వాడు నేనిచ్చిన తప్పును కాగితంలో చుట్టి దాచిపెట్టి ఉంచాడు.

తరగతి ముందు కోప్పడ్డాను కనుక తరగతి ముందే నాది పొరపాటని చెప్పాను. పిల్లలు పెద్దగా పట్టించుకోలేదు. బయట ఆట గంట కొట్టారు. వాడు మాత్రం "అయితే ఇవి నేను ఇచ్చేయాలాండీ?" అని అడిగాడు. కొత్త అద్దాలు వచ్చాక అదే ఫ్రేములో బిగించి ఇచ్చాము.

అప్పటి నుంచి ఎవరైనా 'ఇన్ని వందల కళ్ళజోళ్ళు పంచాం' అని చెబితే, వాటిలో ఎన్ని ముఖాల మీద ఉన్నాయని అడగడం నాకు అలవాటైపోయింది. అందువల్ల కొందరికి నేనంటే విసుగు కూడా. అక్టోబరు రెండో గురువారం ప్రపంచ దృష్టి దినోత్సవం వచ్చిందంటే ప్రతి బడికీ ఆ ఒక్క రోజే శిబిరం కావాలి; నవంబరులో రమ్మంటే ఒక్కరూ ఉలకరు. పంచినవన్నీ ముఖాల మీద ఉండవన్నది నా ఒక్కదాని ఊహ కాదని తరువాత అధ్యయనాలు చదివినప్పుడు తెలిసింది. మెక్సికోలోని వహాకా ప్రాంతంలో ఉచితంగా అద్దాలు అందుకున్న పిల్లలను ఏడాదిన్నర లోపు ముందుగా చెప్పకుండా వెళ్ళి చూస్తే, పెట్టుకుని ఉన్నవాళ్ళు నూటికి 13 మందే ఉన్నారు. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. చైనాలోని గన్సు, షాన్‌షీ రాష్ట్రాల్లో 250కి పైగా పాఠశాలల్లో చేసిన ప్రయోగాన్ని 2014లో ప్రచురించారు. ఉచితంగా అద్దాలిచ్చిన పిల్లల్లో 'పెట్టుకుంటున్నాం' అని చెప్పినవాళ్ళు నూటికి 68 మంది, వెళ్ళి చూసినప్పుడు నిజంగా ముఖాన ఉన్నవి 41. ఆ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలో ఎన్ని జామెట్రీ బాక్సులున్నాయో అనుకుంటూ ఉంటాను. అయినా ఆ పిల్లల లెక్కల మార్కులు మొత్తం మీద మెరుగుపడ్డాయి. పిల్లవాడి చదువు బాగుపడటానికి ట్యూషన్ కన్నా ముందు ఇంత చిన్న వస్తువు పని చేస్తుందంటే లెక్కల మాష్టార్లు నమ్మడానికి ఈ మాట చెబుతాను.

తీసేయడానికి కారణాలు ఒక్కో ముఖానికి ఒక్కో రకంగా ఉంటాయి. పవర్ తప్పు కావచ్చు. ఫ్రేము పెద్దది కావచ్చు. పెద్దవాళ్ళకు కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు ఉంటే చిన్నపిల్లలకు 50కి అటూ ఇటూగా ఉంటుంది, పైగా ముక్కు దూలం ఇంకా ఎదగదు. పెద్దల కొలత ఫ్రేమును పిల్లల ముక్కు మీద పెడితే అది జారుతుంది, కటకం మధ్యభాగం కంటికి ఎదురుగా ఉండదు, ఆ పిల్ల రోజంతా వేలితో పైకి తోసుకుంటూనే కూర్చుంటుంది. రంగు నచ్చకపోవచ్చు. మొదట్లో అన్నీ ఒకే రంగు, ఒకే ఆకారం తెచ్చేవాళ్ళం. చూడగానే 'ఉచితం' అని తెలిసిపోయేవి. తరువాత నాలుగైదు రకాలు బల్ల మీద పరిచి, వాటి పక్కనే ముఖం చూసుకునే అద్దం ఉంచి, ఎంచుకోమన్నాము. పరీక్షకు ఐదు నిమిషాలు ఓపిక పట్టని పిల్లలు ఈ అద్దం ముందు అరగంట నిలబడేవాళ్ళు. ఎంచుకోవడానికి పట్టిన ఆ సమయాన్ని దండగ అనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. పిల్ల తానే ఎంచుకున్నదాన్ని సంచిలో దాచడం అరుదు. కటకం గాజుదైతే ఆటల్లో పగిలి కంట్లో గుచ్చుకునే ప్రమాదం ఉంది గనుక, దెబ్బకు తట్టుకునే పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ పిల్లలకు మేలు. దానికి గీతలు త్వరగా పడతాయి; గీతలు పడ్డ అద్దం మార్చుకోవచ్చు, కన్ను మార్చలేము.

ఇక్కడ ఒక పిల్ల సంగతి చెప్పకుండా ఉండలేను. ఎనిమిదో తరగతి, చదువులో ముందుండేది, కళ్ళ గురించి ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు. కుడి కన్ను మూసి చదవమంటే చకచకా చదివింది. ఎడమ కన్ను మూయగానే మాట ఆగిపోయింది. అట్ట ఎక్కడుందని అడిగింది. ఒక కంటికి చిన్నప్పటి నుంచీ ప్లస్ పవర్ చాలా ఎక్కువగా ఉండటం వల్ల, మెదడు ఆ కంటి నుంచి వచ్చే మసక బొమ్మను పట్టించుకోవడం మానేసింది. దాన్ని మందదృష్టి అంటారు, బయటికి కన్ను చక్కగానే ఉంటుంది. ఇలాంటి కంటికి సరైన అద్దాలిచ్చి, బాగా పనిచేసే కంటిని రోజూ కొంతసేపు పట్టీతో మూసి, బద్ధకించిన కంటిని పనిలోకి లాగాలి. ఓ మోస్తరు మందదృష్టికి రోజుకు 2 గంటలు కట్టినా 6 గంటలు కట్టినా ఫలితం ఒకేలా ఉందని 2003లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. అయితే ఇదంతా ఏడెనిమిదేళ్ళ లోపు మొదలుపెడితే బాగా ఫలిస్తుంది. ఆ పిల్లకు పదమూడేళ్ళు. వైద్యుల దగ్గరికి పంపాము. కొద్దిగా మెరుగైంది, అంతే. బడిలో చేరిన మొదటి నెలలోనే ఎవరైనా అరచేతితో ఒకసారి ఆ కన్నూ ఒకసారి ఈ కన్నూ మూసి చూసి ఉంటే చాలునని ఆమె తండ్రికి చెప్పలేకపోయాను. అరచేతితో అంటున్నాను, వేళ్ళతో కాదు. వేళ్ళ సందుల్లోంచి తొంగిచూడటంలో పిల్లలు నన్ను మించిన ఘనులు.

నాయనమ్మ భయం గురించి కూడా ఒక మాట. అద్దాలు పెట్టుకుంటే సైటు పెరుగుతుందని ఇప్పటికీ వింటూనే ఉన్నాను. పవర్ పెరిగేది అద్దాల వల్ల కాదు, వయసుతోపాటు కంటిగుడ్డు పొడవు పెరగడం వల్ల. ఒక్క మిల్లీమీటరు అదనంగా పెరిగితే దాదాపు రెండున్నర నుంచి మూడు డయోప్టర్ల తేడా వస్తుంది. కావాలని తక్కువ పవర్ ఇస్తే పెరుగుదల ఆగుతుందేమోనని మలేసియాలో పరీక్షించి చూశారు. 2002లో వెలువడిన ఆ ఫలితం తలకిందులుగా వచ్చింది: తక్కువ పవర్ ఇచ్చిన పిల్లలకే హ్రస్వదృష్టి ఎక్కువగా పెరిగింది. మరి ఏం చేస్తే తగ్గుతుందంటే, ఆరుబయట వెలుతురు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 ప్రాథమిక పాఠశాలలను తీసుకుని, సగం బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపించారు. మూడేళ్ళయ్యేసరికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్ళు అక్కడ నూటికి 30 మంది, మిగతా బడుల్లో దాదాపు 40 మంది. తైవాన్ అయితే 2010 నుంచే రోజుకు 120 నిమిషాల ఆరుబయటి సమయాన్ని తన పాఠశాలల లక్ష్యంగా పెట్టుకుంది. 2050 నాటికి ప్రపంచ జనాభాలో సగం మందికి హ్రస్వదృష్టి ఉంటుందని 2016లో ఒక అంచనా వచ్చింది. ఆటల పీరియడును లెక్కలకు ఇచ్చేసే బడులకు వెళ్ళినప్పుడల్లా ఈ సంగతులన్నీ చెబుతాను. తల ఊపుతారు. మరుసటి ఏడాది వెళ్తే ఆ పీరియడులో లెక్కలే జరుగుతూ ఉంటాయి.

ఉద్యోగం చివరి సంవత్సరాల్లో నేను చేసిన పనుల్లో పెద్దదిగా చెప్పుకోగలిగింది ఒక రేకు డబ్బా. కళ్ళజోళ్ళు ఎక్కువగా మూలపడేది పగిలినందువల్ల కాదు. కాడ దగ్గరి చిన్న స్క్రూ ఊడిపోవడం వల్ల, ముక్కు మీద ఆనే మెత్త రాలిపోవడం వల్ల. దాన్ని బాగుచేయించడానికి ఇంట్లో తీరిక దొరికేసరికి ఏడాది గడిచిపోతుంది. కొందరు దారం కట్టుకుంటారు, కొందరు తీసి అటక మీద పెట్టేస్తారు. అందుకని వెళ్ళిన ప్రతి బడిలో ఒక ఉపాధ్యాయుడికి రేకు డబ్బా ఇచ్చేదాన్ని: రెండు కొలతల స్క్రూలు, మెత్తల జతలు, సన్నటి స్క్రూడ్రైవరు, తుడుచుకునే గుడ్డముక్కలు. స్క్రూ బిగించడం పది నిమిషాల్లో నేర్పేయవచ్చు. కాడలు చెవి వెనుక వదులైతే వేడినీళ్ళలో ముంచి ఎలా వంచాలో కూడా చూపించేదాన్ని. ఏటా ఒకసారి పరీక్ష మళ్ళీ చేయించాలని, పిల్లల పవర్ మారుతుందని మూత లోపల కాగితం అంటించాను.

కొన్ని బడుల్లో ఆ డబ్బా బీరువాలో నేనిచ్చినట్లే ఉండేది, దాని మీద నా చేతిరాత కూడా చెక్కుచెదరకుండా. అలాంటి చోట అద్దాలు కూడా ఎక్కడో అలాగే ఉన్నాయని అర్థమయ్యేది. రిటైరయ్యే ముందు ఒక బడికి చివరిసారిగా వెళ్ళాను. ఉపాధ్యాయుల గదిలో డబ్బా కోసం అడిగితే అక్కడ లేదన్నారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె తన బల్ల సొరుగులోంచి తీసుకొచ్చింది. స్క్రూలు బిగించే పని ఇప్పుడు తనదేనట, ఐదో తరగతి పిల్లలు విరామ సమయంలో తన దగ్గర వరస కడతారట. మూత ఒకవైపు సొట్టపోయింది, లోపల కాగితం సగం చిరిగింది. మెత్తలు రెండు జతలే మిగిలాయి. చిన్న కొలత స్క్రూలు ఒక్కటీ లేవు. సంచిలో ఉన్నవన్నీ డబ్బాలో పోశాను. ఆమె లెక్కపెట్టి, తన నోటుపుస్తకం వెనుక పేజీలో అంకె వేసుకుంది.